దాడి జరిగిన ఏళ్ల తర్వాత: కోలుకుంటున్న మనుషుల ఫొటోలు ఎలా తీయాలి

తెలుగులో మనం ఫొటో తీస్తాం, ఎదుటి మనిషి ఫొటో దిగుతారు. దిగడంలో వాళ్ల ఇష్టం ఉంటుంది. జుట్టు దువ్వుకుని, చీర సర్దుకుని, ఎక్కడ నిలబడాలో తామే చూసుకుని దిగుతారు. కుల దాడి జరిగిన మర్నాడు పేపర్లో వచ్చే ఫొటోలు అలాంటివి కావు. ఆసుపత్రి మంచం మీద ఉండగానో, శవం పక్కన ఏడుస్తుండగానో ఎవరో వచ్చి తీసుకుపోతారు. ఆ ఫొటోలు అవసరమే. అవి లేకపోతే అసలు దాడే జరగలేదని బుకాయించేవాళ్లు మన దగ్గర తక్కువ లేరు. కానీ వాటితోనే కథ ఆగిపోతుంది. ఆ మనుషులు మళ్లీ వంట చేసుకున్నారని, పిల్లల్ని బడికి పంపారని, కోర్టుకు తిరిగారని, కొత్త ఇల్లు కట్టుకున్నారని చెప్పే ఫొటోలు ఎవరి దగ్గరా ఉండవు. అవి ఎలా తీయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక ఊరి సంగతి. 1985 జులై 16న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగపల్లె (ఊరి దళితవాడ, ఇక్కడ పల్లె అంటే అదే) వాళ్లు తాగే చెరువు దగ్గర గొడవ మొదలైంది. పెత్తందారీ కులంవాళ్లు గేదెకు కుడితి పెట్టిన బకెట్టును అక్కడ కడుగుతుంటే పల్లెవాళ్లు వద్దన్నారు. మీదికొచ్చినవాళ్లకు మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల వెళ్లి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్లీ ఆ ఊళ్లో బతకబోమన్నారు. చీరాలలో విజయనగర కాలనీ అలా పుట్టింది. దళితుల హక్కుల కోసం నిలిచిన దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోంచే. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. దాడి నాడు చంకలో ఉన్న పిల్లకు అప్పటికి దాదాపు పాతికేళ్లు.

అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. వాళ్లను పాతిపెట్టిన చోటును ఇప్పటికీ రక్తక్షేత్రం అంటారు. ప్రత్యేక కోర్టును ఊళ్లోనే పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కోలుకోవడం అంటే గాయం మానినట్టు వరసగా జరిగిపోయేది కాదని ఈ తేదీలు చూస్తేనే తెలుస్తుంది. పదహారేళ్లకు కాస్త ఊపిరి పీల్చుకున్న ఇల్లు, ఏడేళ్లు తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చి ఉండొచ్చు. మీరు ఒక్క శనివారం వెళ్లి ఒక్క ఆదివారం ఉండి తీసిన ఫొటోల్లో ఇది కనబడదు. కనీసం రెండేళ్లు తిరగగలిగితేనే ఈ పని మొదలుపెట్టండి.

వెళ్లకముందు

కోర్టు తీర్పులు చదవండి. హక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికలు, పాత పేపర్లు దొరికినన్ని చదవండి. దీనికి ముఖ్యమైన కారణం ఒకటుంది. చదువుకుని వెళ్తే "ఆ రోజు ఏం జరిగింది?" అని అడగాల్సిన పని ఉండదు. ఆ ప్రశ్నను వాళ్లు పోలీసులకు, లాయర్లకు, కమిషన్లకు, విలేకరులకు లెక్కలేనన్నిసార్లు చెప్పి ఉంటారు. మళ్లీ మనకోసం ఆ రోజులోకి వెళ్లక్కర్లేదు. వాళ్లంతట వాళ్లు చెబితే కూర్చుని వినండి. వినేటప్పుడు కెమెరా సంచిలోనే ఉండాలి.

కేసు ఏ దశలో ఉందో కూడా తెలుసుకోండి. విచారణ నడుస్తుంటే మీరు అచ్చువేసే ప్రతి ఫొటో అవతలి లాయరు చేతికి చిక్కొచ్చు. సాక్షులు నవ్వుతున్న ఫొటో చూపించి "వీళ్లకేం బాధ లేదు" అనేవాళ్లుంటారు. దాడికి గురైనవాళ్ల తరఫు లాయరుతో ఒకసారి మాట్లాడాకే ఏదైనా బయటపెట్టండి.

మొదటి రెండు మూడుసార్లు కెమెరా తీయకండి

ఊళ్లోకి ఎటునుంచి వెళ్తున్నారో చూసుకోండి. పెత్తందార్ల వీధిలో బండి ఆపి, అక్కడ కాఫీ తాగి, "పల్లె ఎటు?" అని అడిగి వస్తే మీ గురించి ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. పల్లెలో పాస్టరుగారో, సంఘం పెద్దో, అంగన్‌వాడీ టీచరో ఎవరో ఒకరి ద్వారా నేరుగా వెళ్లండి. మంచం వేస్తే మంచం మీద, చాప వేస్తే చాప మీద కూర్చోండి. నీళ్లిస్తే తాగండి. అన్నం తినమంటే తినండి. మీ సీసా నీళ్లు తీసి తాగారంటే దానికి అక్కడ వేరే అర్థం ఉంటుంది. మీకా ఉద్దేశం లేకపోయినా సరే.

మీ కులం అడుగుతారు. సూటిగానో, ఇంటిపేరు అడిగో, ఊరు అడిగో అడుగుతారు. తప్పించుకోవద్దు, "నేను అవేవీ పట్టించుకోను" అనొద్దు. పట్టించుకోకుండా బతికే వీలు వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. ఉన్నది చెప్పి, ఎందుకొచ్చారో చెప్పండి. కొందరు ఆ తర్వాత మాట్లాడరు. వాళ్ల ఇల్లు వదిలేసి పక్కింటికి వెళ్లండి, అలగకుండా.

కూలికెళ్లే మనుషుల్ని పగటిపూట ఆపొద్దు. మిరపకోతల రోజుల్లో, నాట్ల రోజుల్లో పొద్దున నాలుగింటికే లేచి వెళ్లిపోతారు. సాయంత్రం ఏడు దాటాక, లేదా ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్లండి. మీ వల్ల ఒక రోజు కూలి పోతే ఆ డబ్బు ఇవ్వాల్సిందే. అది ఫొటో ఖరీదు కాదు, పోయిన కూలి.

అడగడం ఎలా

మూడుసార్లు అడగాలి. తీసే ముందు ఒకసారి, తీసింది చూపించి ఒకసారి, నలుగురికీ చూపించే ముందు ఇంకోసారి. ఇంగ్లిష్‌లో అచ్చువేసిన కాగితం మీద వేలిముద్ర తీసుకుంటే అది మీకు రక్షణ అవుతుందేమో గానీ, వాళ్ల ఒప్పుకోలు కాదు. వాళ్ల భాషలో చెప్పి, వాళ్ల మాటలోనే ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

"పెద్దమ్మా, ఈ ఫొటో హైదరాబాద్‌లో గోడకు పెట్టి జనానికి చూపిస్తారు. ఫోన్లో కూడా వస్తుంది. మీ ఊరివాళ్లు చూస్తారు, అవతలివాళ్లు కూడా చూస్తారు. పెట్టమంటారా?"

"అవతలోళ్లు చూస్తారా?"

"చూస్తారమ్మా. ఒకసారి ఫోన్లోకెళ్తే మళ్లీ వెనక్కి తేలేం."

"అయితే నా కొడుకుని అడిగి చెబుతా."

అంతే. కొడుకు వచ్చేదాకా ఆగాలి. "అవతలివాళ్లు చూస్తారు" అన్న ముక్క చెప్పకుండా తీసుకున్న ఒప్పుకోలు చెల్లదని నేననుకుంటాను.

ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. దాడిలో తండ్రిని పోగొట్టుకున్న ఒక అమ్మాయి సైకిల్ మీద బడికి వెళ్తున్న ఫొటో తీశాను. వెలుతురు బాగుంది, ఆ పిల్ల ముఖంలో ధైర్యం ఉంది. తల్లిని అడిగాను, ఒప్పుకుంది. పిల్లను అడగలేదు. ఆ అమ్మాయి చేరింది కొత్త బడిలో, అక్కడ తన సంగతి ఎవరికీ తెలియదు. ఫొటో వచ్చాక అందరికీ తెలిసింది. తనకు తానుగా సంపాదించుకున్న ఒక మామూలు రోజును నేను చెడగొట్టాను. ఎంత చిన్న పిల్లలైనా విడిగా అడగండి, వద్దంటే తల్లిదండ్రులు సరేనన్నా వద్దు. ముందు ఒప్పుకుని ఏడాది తర్వాత తీసేయమన్నా, కారణం అడగకుండా తీసేయండి.

ఏం తీయాలి

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. దాడి అంటే మచ్చ, కన్నీరు, కూలిన గోడ అని కళ్లకు అలవాటైపోయింది. అవి కాకపోతే ఇంకేం తీయాలి అంటారు.

నీళ్లతో మొదలుపెట్టండి. కారంచేడులో గొడవ వచ్చింది నీళ్ల దగ్గర. అందుకే ఇప్పుడు బిందె ఎక్కడ నింపుకుంటున్నారన్నది చిన్న విషయం కాదు. సొంత కుళాయి ఎప్పుడొచ్చింది, ఎవరి ఇంటి ముందుంది, వేసవిలో ట్యాంకరు ఏ వీధిలో ఆగుతుంది. పొద్దున్నే కుళాయి దగ్గర వరసలో ఉన్న బిందెల ఫొటో, దాని వెనుక కథ తెలిసినవాళ్లకు చాలా చెబుతుంది.

తర్వాత తలుపులు. రాత్రిపూట గడియ ఎలా వేస్తారో గమనించండి. రెండు గడియలు, అడ్డకర్ర, కిటికీకి ఇనప ఊచలు. కొన్నేళ్ల తర్వాత అదే ఇంట్లో వేసవి రాత్రి తలుపు తీసి పెట్టుకుని, వాకిట్లో మంచాలేసుకుని పడుకుంటే, కోలుకోవడం అంటే అదే. దాన్ని తీయడానికి మీరు అన్నేళ్లూ ఆ ఇంటికి వెళ్తూ ఉండాలి. మొదటి ఏడాది గడియ ఫొటో తీసి ఉంచుకుంటేనే పదో ఏడాది వాకిలి ఫొటోకు అర్థం వస్తుంది.

కేసు కాగితాల సంచి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ట్రంకుపెట్టె అడుగునో, అటక మీదో. వాయిదాల తేదీలు గోడ క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి ఉంటాయి. చదువురాని తల్లి కూడా ఏ కాగితం ఎక్కడుందో తడుముకోకుండా తీసి ఇస్తుంది. ఆ చేతుల్ని తీయండి. కాగితం మీది పేర్లు, కేసు నంబర్లు ఫొటోలో చదవడానికి రాకుండా చూసుకోండి.

ఏటా జులై 17, ఆగస్టు 6 వంటి తేదీల్లో సభలు జరుగుతాయి. అక్కడికి అందరూ కెమెరాలతో వస్తారు, వేదికను తీస్తారు. మీరు సభ అయిపోయాక ఉండండి. కుర్చీలు సర్దేవాళ్లను, సమాధి దగ్గర కాసేపు ఆగిపోయే పెద్దాయన్ను, ఎందుకొచ్చామో తెలియక ఆడుకునే పిల్లల్ని చూడండి. దూరంగా ఉండి తీయండి.

చనిపోయినవాళ్ల ఫొటోలు చూపించమని అడగండి. ఒక ఇంట్లో కొడుకు ఫొటో అసలు లేదు. ఎవరిదో పెళ్లి గ్రూపు ఫొటోలో మూడో వరసలో, సగం ముఖం పక్కవాళ్ల భుజం వెనక. దాన్ని కిటికీ దగ్గర, నీడ పడకుండా, కెమెరాను ఫొటోకు సరిగ్గా సమాంతరంగా పట్టుకుని తీశాను. కంప్యూటర్లో మరకలు తీసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టించి ఇచ్చాను. లేని సగాన్ని ఇప్పటి సాఫ్ట్‌వేర్లతో కల్పించమని షాపువాడు అన్నాడు. వద్దన్నాను. ఆ తల్లి కూడా వద్దంది, "మిగతా సగం నాకు తెలుసు బాబూ" అంది. ఆ ఊళ్లో నేను చేసిన పనుల్లో అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే అనుకుంటాను.

మచ్చల సంగతి. వాళ్లే చూపించి, తీయమంటే తీయండి. అలా అడిగేవాళ్లు ఉంటారు, అది వాళ్ల సాక్ష్యం. అప్పుడు మచ్చను మాత్రమే దగ్గరగా తీసి ముఖాన్ని కోసేయకండి. మనిషి మొత్తం ఉండాలి.

కెమెరా పని

ఒక్క బాడీ, ఒక్క లెన్సు చాలు. 35 ఎంఎం గానీ 50 ఎంఎం గానీ. చిన్న గదిలో 16 ఎంఎం లాంటి వెడల్పు లెన్సు వాడితే చేతులు సాగిపోయి, ఇల్లు దయనీయంగా కనబడుతుంది. దూరపు లెన్సుతో వీధి చివర నుంచి తీస్తే నిఘా పెట్టినట్టుంటుంది. కూర్చున్న మనిషిని కూర్చునే తీయండి, పైనుంచి కిందికి చూస్తూ తీయొద్దు.

ఫ్లాష్ వద్దు. ఐఎస్ఓ (వెలుతురును కెమెరా పట్టుకునే స్థాయి) 1600 నుంచి 3200, అపర్చరు (లెన్సు తెరుచుకునే వెడల్పు) ఎఫ్/2 దగ్గర పెట్టుకుంటే ట్యూబ్‌లైటు వెలుతురులో పనైపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టరు 1/50 లేదా 1/100 సెకను పెట్టండి. లేకపోతే ట్యూబ్‌లైటు, చవక ఎల్ఈడీ బల్బుల కింద ఫొటోలో చారలు పడతాయి. శబ్దం రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టరు వాడితే ఈ చారలు ఇంకా ఎక్కువ, ముందు రెండు తీసి చూసుకోండి.

సున్నం వేసిన గోడ ముందు మనిషి నిలబడితే కెమెరా తెల్లగోడను చూసి వెలుతురు తగ్గించేస్తుంది, ముఖం నల్లటి మరకలా వస్తుంది. ఎక్స్‌పోజరును సుమారు ఒక స్టాపు, అంటే వెలుతురు రెట్టింపయ్యేలా, పెంచండి. తర్వాత కంప్యూటర్లో కూర్చుని ఆ ముఖాన్ని తెల్లగా చేయకండి. ఫోన్‌తో తీస్తుంటే బ్యూటీ ఫిల్టరు ముందే ఆపేయండి. ఆ ఒంటిరంగును ఎన్నో తరాలుగా తక్కువ చేసి మాట్లాడారు, మనం కూడా దాన్ని దిద్దడానికి పూనుకోకూడదు.

ఏటా ఒకే చోట నుంచి ఒకే ఫొటో తీయడం మంచి పద్ధతి. ఎక్కడ నిలబడ్డారో గుర్తుకు గడప నుంచి అడుగులు లెక్కపెట్టి రాసుకోండి. లెన్సు, సమయం, ఎత్తు రాసుకోండి. కిందటేడాది ప్రింటు చేతిలో పట్టుకుని ఫ్రేము సరిచూసుకోండి. వేపచెట్టు పెరగడం, పూరిల్లు స్లాబు ఇల్లు అవడం, అరుగు మీద కూర్చునే ముసలాయన ఒక ఏడాది లేకపోవడం, అన్నీ వాటంతటవే వస్తాయి.

చట్టం, జాగ్రత్త

లైంగిక దాడికి గురైనవారు ఎవరో తెలిసేలా ఏదైనా అచ్చువేయడం నేరం. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ముఖం మసకచేస్తే సరిపోదు. ఇంటి గోడ, చేతి పచ్చబొట్టు, పక్కన నిలబడ్డ మరిది, ఏదైనా పట్టిస్తుంది. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. అనుమానం ఉంటే ఆ ఫొటో వదిలేయండి.

సాక్షులు నిందితుల్ని గుర్తుపట్టే పరేడు జరగకముందు ఆ నిందితుల ముఖాలు బయటపెడితే కేసు దెబ్బతింటుంది. కోర్టు హాల్లో ఫొటో తీయొద్దు. బయట చెట్టు కింద వాయిదా కోసం ఎదురుచూసేవాళ్లను తీయొచ్చు గానీ, అక్కడ అవతలిపక్షం కూడా నిలబడి ఉంటుంది. మీ కెమెరా ఎవరి మీద ఉందో వాళ్లు చూస్తారని మరిచిపోవద్దు.

ఫైళ్లలో జీపీఎస్ ఉంటుంది, అంటే ఫొటో ఎక్కడ తీశారో ఆ చోటు. ఎవరికైనా పంపే ముందు తీసేయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది పోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉండిపోతుంది. కానీ ఒరిజినల్ ఫైళ్లను మాత్రం ఏమీ మార్చకుండా రెండు డిస్కుల్లో, రెండు ఊళ్లలో దాచండి. ఎప్పుడైనా కోర్టు అడిగితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) రాయాలి. దిద్దిన కాపీ అక్కడ పనికిరాదు.

ఫొటో కింద రాసే మాట

"బాధితురాలు" అని రాసి వదిలేయకండి. ఆమె ఒప్పుకుంటే పేరు, చేసే పని, ఇప్పుడు ఏం చేస్తోంది అన్నది రాయండి. చర్చిలో పాటలు మొదలెట్టేది ఆమే అయితే అదే రాయండి. "కన్నీరుమున్నీరు", "అభాగ్యులు" లాంటి మాటలు వద్దు.

ఇంకో విషయం. "ఘటనలో ఎనిమిది మంది చనిపోయారు" అని రాస్తే జబ్బు చేసి పోయినట్టుంటుంది. "ఎనిమిది మందిని చంపారు" అని రాయండి. ఎవరు చంపారన్నది మాత్రం కోర్టు ఏం తేల్చిందో దానికి మించి రాయకండి. కింది కోర్టు శిక్ష వేసిందని, పైకోర్టు కొట్టేసిందని రెండూ రాయండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు, భర్తతో పాటే సునయన దుమాల ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయింది. ఆమె వీసా భర్త వీసా మీద ఆధారపడింది కాబట్టి. మళ్లీ పోరాడి ఉండిపోయారు, ఫరెవర్ వెల్‌కమ్ అనే సంస్థ పెట్టారు. అక్కడ మీరు ఇలాంటి పని చేస్తే వీసా కాగితాలు, మెయిల్‌బాక్సు, మాట్లాడటానికి వెళ్లిన బడి గదులు, వీటిలో ఉంటుంది కథ. విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో 2012 ఆగస్టు 5న కాల్పులు జరిగాయి. గుమ్మానికి తగిలిన ఒక తూటా రంధ్రాన్ని వాళ్లు పూడ్చలేదు, కింద ఆ తేదీ రాసి ఉంచుకున్నారు. కుటుంబాలు, సంఘాలు ఇలా తమంతట తాము దాచుకున్న వస్తువులేమిటో అడగండి. కొందరికి దాచుకోవడం కావాలి, కొందరికి గోడకు రంగు వేసేయడం కావాలి. రెండూ తీయండి.

ప్రింట్లు

ప్రదర్శన కంటే ముందు, పత్రిక కంటే ముందు, ఫొటో ఆ ఇంటికి చేరాలి. ఫోన్‌కు పంపడం కాదు, కాగితం మీద. ఆరు ఎనిమిది సైజు, మ్యాట్ కాగితం, వెనుక పెన్సిలుతో తేదీ, ఊరు, ఎవరెవరున్నారో. ప్రతి మనిషికీ ఒకటి. గ్రూపులో ఉన్న ఏడుగురికీ ఏడు ప్రింట్లు, ఇంటికొకటి చాలదు. పల్లెలో ఏ ఇంటి గోడ మీద ఏది పెట్టుకున్నారో, ఏది ట్రంకుపెట్టెలోకి వెళ్లిందో తర్వాతిసారి వెళ్లినప్పుడు చూడండి. పుస్తకంలో ఏవి ఉండాలో అక్కడే తెలుస్తుంది.

వాళ్లు తీసుకున్న ఫొటోలు కూడా అడగండి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. పుట్టినరోజు కేకు, కొత్త బండికి కట్టిన దండ, డిగ్రీ పట్టా. వాళ్ల పేరుతో, వాళ్లు ఒప్పుకుంటే, మీ ఫొటోల పక్కనే పెట్టండి. అమ్మకం మీద డబ్బొస్తే ఎవరికెంతో ముందే మాట్లాడుకుని రాసుకోండి.

మళ్లీ వెళ్లే ముందు రోజు రాత్రి, ప్రింట్లను ఇంటింటికీ వేరువేరు కవర్లలో పెట్టి, పేర్లు రాసి, సంచిలో కెమెరాకు పైన పెట్టుకోండి. గడప దాటగానే ముందు బయటికి రావాల్సినవి అవే.